క్రొయేషియన్ భాషలో ప్రిపొజిషన్లు, సర్వనామాలు: కొత్తగా నేర్చుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

క్రొయేషియా 2013 జూలై 1న ఐరోపా సమాఖ్యలో చేరింది. దానితో క్రొయేషియన్ ఆ సమాఖ్యకు 24వ అధికార భాష అయింది. 2023 జనవరి 1 నుంచి ఆ దేశంలో యూరో చలామణిలో ఉంది, సరిహద్దు తనిఖీలు లేని ప్రయాణానికి సంబంధించిన షెన్‌గెన్ ఒప్పందం కూడా అక్కడ ఆ రోజే అమలులోకి వచ్చింది. ఇటీవలి సంవత్సరాల్లో నేపాల్, భారత్, ఫిలిప్పీన్స్ దేశాల నుంచి నిర్మాణ రంగానికీ, హోటళ్ళకూ, డెలివరీ పనులకూ అక్కడికి వెళ్ళేవారు పెరిగారు. వారిలో తెలుగు మాతృభాషగా గలవారికీ, ఇంట్లో కూర్చుని సొంతంగా ఈ భాష నేర్చుకుంటున్నవారికీ మొదటి నెలల్లో ఎదురయ్యే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

ఉచ్చారణ గురించి ఒక మాట. ఇక్కడి క్రొయేషియన్ మాటల్లో త, ద అని రాసినవి మన త, ద వంటి దంత్యాలే. ట, డ లుగా పలకనక్కరలేదు. జ అని రాసిన చోట ‘జూ’, ‘జీరో’ అనే ఇంగ్లీషు మాటల్లోని ధ్వనిని, ఝ అని రాసిన చోట ‘ప్లెజర్’ అనే మాట నడుమ వినిపించే ధ్వనిని పలకాలి. ‘నా’ అనే ప్రిపొజిషన్ తెలుగు ‘నా’ తో కలిసిపోకుండా క్రొయేషియన్ మాటలన్నిటినీ కొటేషన్ గుర్తుల మధ్య ఉంచాము.

ప్రశ్న: తెలుగు విభక్తి ప్రత్యయానికీ క్రొయేషియన్ ప్రిపొజిషన్‌కూ తేడా ఏమిటి?

క్రొయేషియా రాజధాని జాగ్రెబ్ పేరునే తీసుకుందాం. తెలుగులో ‘జాగ్రెబ్‌లో’ అన్నప్పుడు అర్థమంతా నామవాచకం తరువాత వచ్చే ‘లో’ మీదనే ఉంటుంది. క్రొయేషియన్‌లో ఆ పనిని రెండు గుర్తులు పంచుకుంటాయి: నామవాచకానికి ముందు ఒక చిన్న మాట వస్తుంది, నామవాచకం చివరి అక్షరమూ మారుతుంది. ‘జాగ్రెబ్‌లో’ అనడానికి ‘ఉ జాగ్రెబు’ అంటారు. ముందున్న ‘ఉ’ ప్రిపొజిషన్. చివర చేరిన ఉకారం లొకాతివ్ అనే విభక్తికి గుర్తు. ఈ రెండింటిలో దేనిని మార్చినా అర్థం మారుతుంది, లేదా వాక్యం చెడుతుంది. కాబట్టి ‘ఉ’ అంటే ‘లో’ అని నోటు పుస్తకంలో రాసుకోవడం వల్ల పెద్ద ప్రయోజనం లేదు. ‘ఉ జాగ్రెబు’ అని జంటగా రాసుకోవడమే సరైన పద్ధతి.

ప్రశ్న: ఏడు విభక్తులూ కంఠస్థం అయిన తరువాతే ప్రిపొజిషన్ల జోలికి వెళ్ళాలా?

అవసరం లేదు. క్రొయేషియన్‌లో నొమినాతివ్, గెనితివ్ (మన ‘యొక్క’ వంటిది), దాతివ్ (‘కి, కు’ వంటిది), అకుజాతివ్ (‘ని, ను’ వంటిది), వొకాతివ్, లొకాతివ్, ఇన్‌స్త్రుమెంతాల్ (‘తో’ వంటిది) అని ఏడు విభక్తులున్న మాట నిజమే. అయితే నొమినాతివ్ మన ప్రథమా విభక్తి వంటిది, వొకాతివ్ సంబోధన. ఈ రెండూ ప్రిపొజిషన్ల తరువాత వచ్చేవి కావు. ఇక మిగిలేవి ఐదు. వాటిలో లొకాతివ్ ప్రిపొజిషన్ లేకుండా ఎన్నడూ కనిపించదు గనుక దానిని విడిగా నేర్చుకోవలసిన పనే లేదు, ‘ఉ’, ‘నా’, ‘ఒ’, ‘పొ’ వంటి మాటలతో పాటే అది వచ్చేస్తుంది. మొదటి పేజీలోనే ఏడు వరుసల పట్టిక పెట్టి బెదరగొట్టే పాఠ్యపుస్తకాల పద్ధతి మాకు నచ్చదు. ముందు అకుజాతివ్, లొకాతివ్, తరువాత గెనితివ్, ఆ తరువాత ఇన్‌స్త్రుమెంతాల్, దాతివ్. ఈ వరుసలో వెళితే మొదటి వారం నుంచే పనికివచ్చే వాక్యాలు చేతికి వస్తాయి.

క్రొయేషియా బడుల్లో పిల్లలకు విభక్తులను ప్రశ్నలతో నేర్పుతారు: ఎవరు, ఏది, ఎవరికి, దేనికి, ఎవరితో, దేనితో అన్నట్లుగా. తెలుగు ప్రశ్నపదాలకే విభక్తులు చేరతాయి గనుక ఈ పద్ధతి మనకు పరాయిదిగా అనిపించదు.

ప్రశ్న: ‘ఉ జాగ్రెబ్’ అని ఒకచోట, ‘ఉ జాగ్రెబు’ అని మరొకచోట కనిపిస్తోంది. ఏది సరి?

రెండూ సరైనవే. ‘ఝివిమ్ ఉ జాగ్రెబు’ అంటే జాగ్రెబ్‌లో నివసిస్తున్నాను. ‘ఇదెమ్ ఉ జాగ్రెబ్’ అంటే జాగ్రెబ్‌కు వెళుతున్నాను. ప్రిపొజిషన్ ఒక్కటే, నామవాచకం చివర మాత్రం వేరు. ఉన్న చోటును చెప్పేటప్పుడు లొకాతివ్, చేరవలసిన చోటును చెప్పేటప్పుడు అకుజాతివ్ వాడాలి. ‘ఎక్కడ?’ అని అడగడానికి ‘గ్ద్యె’, ‘ఎక్కడికి?’ అని అడగడానికి ‘కామొ’ అనే వేర్వేరు మాటలు క్రొయేషియన్‌లో ఉన్నాయి. తెలుగులోనూ ఈ రెండు ప్రశ్నలు వేరే గనుక మనసులో ‘ఎక్కడ’ అనిపిస్తే లొకాతివ్, ‘ఎక్కడికి’ అనిపిస్తే అకుజాతివ్ అనుకుంటే చాలావరకు తప్పు జరగదు.

ఇందులో రెండు ఉచ్చులున్నాయి. మొదటిది చివరి ఉకారం. పుంలింగ పదాల్లో అది ఉన్న చోటును సూచిస్తుంది: ‘ఉ జాగ్రెబు’, ‘ఉ స్ప్లితు’ (స్ప్లిత్ నగరంలో). ఆకారంతో ముగిసే స్త్రీలింగ పదాల్లో మాత్రం అదే ఉకారం వెళ్ళే చోటును సూచిస్తుంది: ‘ఇదెమ్ ఉ ష్కొలు’ అంటే బడికి వెళుతున్నాను. బడిలో ఉన్నాను అనాలంటే ‘ఉ ష్కొలి’. చివర ఉకారం వినగానే ‘లో’ అని అర్థం చేసుకునే అలవాటు పడితే స్త్రీలింగ పదాల దగ్గర దెబ్బ తింటాము. కాబట్టి ఏ అభ్యాసం చేసినా ‘జాగ్రెబ్’, ‘ష్కొలా’ ఈ రెండు పదాలనూ పక్కపక్కనే పెట్టుకుని చేయడం మంచిది.

రెండవ ఉచ్చు తెలుగు నుంచే వస్తుంది. ‘పుస్తకం బల్ల మీద ఉంది’, ‘పుస్తకం బల్ల మీద పెట్టు’ అనే వాక్యాల్లో మనకు ‘బల్ల మీద’ మారదు. క్రొయేషియన్‌లో మారుతుంది. ‘క్న్యిగా యె నా స్తొలు’ అంటే పుస్తకం బల్ల మీద ఉంది. ‘స్తావి క్న్యిగు నా స్తొల్’ అంటే పుస్తకం బల్ల మీద పెట్టు. పెట్టడంలో వస్తువు ఒక చోటి నుంచి మరొక చోటికి చేరుతున్నది గనుక అక్కడ అకుజాతివ్ రావాలి. కుర్చీలో కూర్చుని ఉండటానికీ కుర్చీలో కూర్చోవడానికీ ఇదే తేడా వర్తిస్తుంది. వెళ్ళడం, రావడం వంటి క్రియలతో మన ‘ఎక్కడికి’ పరీక్ష చక్కగా పనిచేస్తుంది. పెట్టడం, వేయడం, కూర్చోవడం వంటి క్రియల దగ్గర మాత్రం అది మనల్ని ముందుగా హెచ్చరించదు.

ప్రశ్న: ‘ఉ’ ఎప్పుడు, ‘నా’ ఎప్పుడు వాడాలి?

‘ఉ’ అంటే లోపల, ‘నా’ అంటే మీద అనే అర్థం వస్తువుల విషయంలో బాగానే నిలుస్తుంది. స్థలాల దగ్గరికి వచ్చేసరికి తర్కం కన్నా వాడుకే పెద్దది. దేశాలకు, నగరాలకు ‘ఉ’ వస్తుంది: ‘ఉ ఇందియి’ అంటే భారతదేశంలో, ‘ఉ రియెత్సి’ అంటే రియెకా నగరంలో (ఇక్కడ కకారం త్సకారంగా మారడం గమనించండి). దీవులకు ‘నా’ వస్తుంది: ‘నా హ్వారు’, ‘నా బ్రాచు’. ఇస్త్రియా ద్వీపకల్పమే గాని దీవి కాదు గనుక ‘ఉ ఇస్త్రి’ అంటారు. సముద్రతీరానికి సెలవులకు వెళ్ళడం ‘నా మొరె’, పని చేసే చోట ఉండటం ‘నా పొస్లు’, రైల్వే స్టేషన్‌లో ఉండటం ‘నా కొలొద్వొరు’, అంగడి కూడలిలో ఉండటం ‘నా త్ర్గు’. బడికి, ఆసుపత్రికి, బస్సుకు, రైలుకు ‘ఉ’ వాడతారు.

జాగ్రెబ్ నగరంలోని పేటల పేర్లే చూడండి: త్రెష్న్యెవ్కాకు ‘నా త్రెష్న్యెవ్త్సి’ అంటారు, దుబ్రావాకు ‘ఉ దుబ్రావి’ అంటారు. దీనికి కారణం వెతుకుతూ కూర్చోవడం కన్నా పేరుతో పాటే ప్రిపొజిషన్‌ను నేర్చుకోవడం తక్కువ శ్రమ. కార్యక్రమాలకు, సమావేశాలకు, భోజనానికి సాధారణంగా ‘నా’ వస్తుంది. ‘ఇదెమొ నా కావు’ అంటే కాఫీకి వెళదాం. ఈ మాట ఆ దేశంలో రోజూ వినబడుతుంది, ఆ పిలుపులో కాఫీ కన్నా గంటసేపు సాగే కబుర్లకే ఎక్కువ చోటు ఉంటుంది.

ప్రశ్న: ‘నుంచి’ అనడానికి ‘ఇజ్’, ‘స్’, ‘ఒద్’ అని మూడు మాటలు ఎందుకు?

వెళ్ళేటప్పుడు వాడిన మాటే తిరిగి వచ్చేటప్పటి మాటను నిర్ణయిస్తుంది. ‘ఉ’ తో వెళ్ళిన చోటి నుంచి ‘ఇజ్’ తో రావాలి, ‘నా’ తో వెళ్ళిన చోటి నుంచి ‘స్’ తో రావాలి. ‘ఉ స్ప్లిత్’ వెళ్ళినవారు ‘ఇజ్ స్ప్లితా’ వస్తారు. ‘నా బ్రాచ్’ వెళ్ళినవారు ‘స్ బ్రాచా’ వస్తారు. ‘నా పొసావొ’ వెళ్ళినవారు ‘స్ పొస్లా’ వస్తారు. మనుషుల నుంచి, లేదా ఒక ఆరంభం నుంచి అనేటప్పుడు ‘ఒద్’ వాడాలి: ‘ఒద్ మాయ్కె’ అంటే అమ్మ నుంచి, ‘ఒద్ పొనెద్యెల్కా దొ పెత్కా’ అంటే సోమవారం నుంచి శుక్రవారం వరకు. ఈ మూడింటి తరువాతా, ‘దొ’ తరువాతా వచ్చేది గెనితివే. ‘మీది ఏ ఊరు?’ అని అడిగినవారికి ‘యా సామ్ ఇజ్ ఇందియె’ అని చెప్పగలిగితే ఆ ప్రశ్నకు జవాబు దొరికినట్లే.

ప్రశ్న: డాక్టరు దగ్గర, డాక్టరు దగ్గరికి, మా ఇంట్లో: వీటిని ఎలా చెప్పాలి?

మనిషి దగ్గర ఉండటానికి ‘కొద్’ వాడి గెనితివ్ చేర్చాలి: ‘కొద్ లియెచ్నికా’. మనిషి దగ్గరికి వెళ్ళడానికి ప్రామాణిక భాషలో ‘క్’ వాడి దాతివ్ చేర్చాలి: ‘క్ లియెచ్నికు’. అయితే మాట్లాడేటప్పుడు జనం వెళ్ళడానికి కూడా ‘కొద్’ నే విరివిగా వాడతారు. పరీక్షలో ‘క్’ రాయండి, వీధిలో ‘కొద్’ వింటే ఆశ్చర్యపోకండి. ‘మా ఇంట్లో’, ‘మా వైపు’ అనే అర్థాలకు ‘కొద్ నాస్’ అనే రెండు మాటలు చాలు. ఇంట్లో ఉన్నాను అనడానికి ‘కొద్ కుచె’ అంటారు, ఇంటికి వెళుతున్నాను అనడానికి మాత్రం ప్రిపొజిషనే లేకుండా ‘ఇదెమ్ కుచి’ అంటారు.

జాగ్రెబ్ నడిబొడ్డున ఉన్న బాన్ యెలాచిచ్ కూడలిలో కలుసుకునేవారు చోటు చెప్పుకునే తీరులో రెండు ప్రిపొజిషన్లు అప్పనంగా నేర్చుకోవచ్చు. కొందరు ‘కొద్ సాతా’ అంటారు, అంటే గడియారం దగ్గర. కొందరు ‘ఇస్పొద్ రెపా’ అంటారు, అంటే తోక కింద. అక్కడ ఉన్న విగ్రహంలోని గుర్రం తోక అది. రెండింటి తరువాతా గెనితివే వచ్చింది.

ప్రశ్న: తెలుగు ‘తో’ కు సమానమైనది ‘స్’ ఒక్కటేనా?

కాదు. తెలుగువారు అందరికన్నా ఎక్కువగా తడబడేది ఇక్కడే. మన ‘తో’ కనీసం మూడు పనులు చేస్తుంది, క్రొయేషియన్‌లో ఆ మూడింటికీ మూడు దారులున్నాయి.

తోడుగా ఎవరైనా ఉన్నారని చెప్పాలంటే ‘స్’ వాడి ఇన్‌స్త్రుమెంతాల్ చేర్చాలి: ‘స్ ప్రియాతెల్యెమ్’ అంటే స్నేహితుడితో. పాలు కలిపిన కాఫీ కూడా ఈ కోవలోనే చేరుతుంది: ‘కావా స్ మ్లియెకొమ్’. సాధనాన్ని చెప్పాలంటే మాత్రం ప్రిపొజిషన్ వాడకూడదు, ఇన్‌స్త్రుమెంతాల్ రూపం ఒక్కటే చాలు. ‘పిషెమ్ ఒలొవ్కొమ్’ అంటే పెన్సిలుతో రాస్తున్నాను. ‘పుతుయెమ్ వ్లాకొమ్’ అంటే రైలులో ప్రయాణిస్తున్నాను. ఇక్కడ ‘స్’ చేర్చి ‘స్ ఒలొవ్కొమ్’ అంటే పెన్సిలు నా పక్కన నడుస్తూ వస్తున్నదనే భావం వచ్చి నవ్వు తెప్పిస్తుంది. ఇక మూడవది చెప్పడం. తెలుగులో ‘అమ్మతో చెప్పు’ అంటాము. క్రొయేషియన్‌లో చెప్పడం ఎవరికైనా జరుగుతుంది గాని ఎవరితోనూ జరగదు: ‘రెత్సి మామి’ అని దాతివ్‌లో అనాలి. పరస్పరం మాట్లాడుకోవడానికి మాత్రం మళ్ళీ ‘స్’ వస్తుంది: ‘రాజ్గొవారామ్ స్ మామొమ్’.

‘స్’ తరువాత వచ్చే పదం స, జ, ష, ఝ ధ్వనులతో మొదలైతే పలకడానికి వీలుగా అది ‘సా’ అవుతుంది: ‘సా సెస్త్రొమ్’ అంటే అక్కతో లేదా చెల్లెలితో, ‘సా షెచెరొమ్’ అంటే పంచదారతో. ‘నాతో’ అనే మాట ఎప్పుడూ ‘సా మ్నొమ్’ గానే ఉంటుంది. మరొక జాగ్రత్త: ఇదే ‘స్’ గెనితివ్‌తో వస్తే ‘నుంచి’ అని అర్థం. ‘స్ బ్రాతొమ్’ అంటే సోదరుడితో; ‘స్ బ్రాచా’ అంటే బ్రాచ్ దీవి నుంచి. చివరి అక్షరం వినిపించేవరకు అర్థం తేలదు.

ప్రశ్న: పుస్తకంలో చూస్తే తెలిసే ప్రిపొజిషన్లు వినేటప్పుడు ఎందుకు దొరకవు?

అవి తరువాతి పదంతో కలిసి ఒకే మాటగా పలుకుతాయి. అంతే కాక పక్క ధ్వనికి తగ్గట్టు మారతాయి కూడా. ‘ఇజ్ స్ప్లితా’ అని రాసినది ‘ఇస్ప్లితా’ గా వినిపిస్తుంది. ‘ఇజ్ ష్కొలె’ అన్నది ‘ఇష్కొలె’ అవుతుంది. ‘బెజ్ తెబె’, అంటే నువ్వు లేకుండా, ‘బెస్తెబె’ అవుతుంది. ‘స్ బ్రాతొమ్’ లోని ‘స్’ జకారం వైపు జరిగి ‘జ్బ్రాతొమ్’ లా వినిపిస్తుంది. సంధులు చదువుకున్నవారికి ఇది వింతగా అనిపించదు. తేడా ఏమిటంటే ఇక్కడ సంధి చెవికే తెలుస్తుంది, రాతలోకి రాదు.

ప్రశ్న: నేను, నువ్వు, అతను అనే సర్వనామాలను ప్రతి వాక్యంలోనూ చెప్పాలా?

చెప్పనవసరం లేదు. ‘యా’ (నేను), ‘తి’ (నువ్వు), ‘ఒన్’ (అతను), ‘ఒనా’ (ఆమె), ‘ఒనొ’ (నపుంసకలింగంలో అది), ‘మి’ (మేము, మనం), ‘వి’ (మీరు), ‘ఒని’ (వారు), ‘ఒనె’ (స్త్రీలు మాత్రమే ఉన్నప్పుడు వారు) అనేవి కర్తృరూపాలు. ‘వస్తున్నాను’ అంటే ‘నేను’ తెలిసిపోయినట్లే ‘ఇదెమ్’ అంటే ‘యా’ తెలిసిపోతుంది. నొక్కి చెప్పడానికో, ఇద్దరిని పోల్చి చెప్పడానికో తప్ప దానిని పలకరు. ఇంగ్లీషు మీదుగా ఈ భాషను నేర్చుకునేవారు ప్రతి వాక్యాన్నీ ‘యా’ తో మొదలుపెడుతుంటారు. తెలుగువారు తమ అలవాటునే నమ్ముకుంటే వాక్యం సహజంగా వస్తుంది.

ప్రశ్న: గౌరవవాచకం ఉందా? మనం, మేము అనే భేదం ఉందా?

మన ‘మీరు’ లాగే ‘వి’ ఒక్కరికి గౌరవంగానూ వాడతారు. ఉత్తరాల్లో ఆ అర్థంలో దానిని పెద్ద అక్షరంతో రాస్తారు. అపరిచితులను, పెద్దలను, అధికారులను ‘వి’ అనే పిలవాలి, స్నేహితులను, పిల్లలను, ఇంట్లోవారిని ‘తి’ అనవచ్చు. ‘వి’ అన్నప్పుడు క్రియ బహువచనంలోనే ఉండాలి, విశేషణం కూడా పుంలింగ బహువచనంలో ఉండాలి, ఎదుట ఉన్నది ఒక్క స్త్రీయే అయినా సరే. ‘యెస్తె లి ఉమొర్ని?’ అంటే అలసిపోయారా?

ఎదుట లేనివారి విషయంలో తెలుగుకు ఉన్న మెట్లు అక్కడ లేవు. అతను, ఆయన, వారు అన్నిటికీ ‘ఒన్’ ఒక్కటే; ఆమె, ఆవిడ, ఆమెగారు అన్నిటికీ ‘ఒనా’ ఒక్కటే. పెద్దవారిని ‘ఒన్’ అంటే తక్కువ చేసినట్లు అవుతుందేమోనని సంకోచించనక్కరలేదు. మనం, మేము అనే భేదం కూడా లేదు, రెండింటికీ ‘మి’ యే.

ప్రశ్న: వస్తువులన్నిటినీ ‘అది’ అన్నట్లు ‘ఒనొ’ అనకూడదా?

అనకూడదు. క్రొయేషియన్‌లో వస్తువులకూ లింగం ఉంది. బల్ల (‘స్తొల్’) పుంలింగం, పుస్తకం (‘క్న్యిగా’) స్త్రీలింగం, సముద్రం (‘మొరె’) నపుంసకలింగం. పుస్తకం ఎక్కడ ఉందని అడిగితే ‘ఒనా యె నా స్తొలు’ అనాలి. ‘దాన్ని చూస్తున్నాను’ అనేది కూడా బల్ల గురించి అయితే ‘విదిమ్ గా’, పుస్తకం గురించి అయితే ‘విదిమ్ యె’. హిందీ వచ్చినవారికి ఇది కొంత తేలిక. పదం చివర హల్లు ఉంటే సాధారణంగా పుంలింగం, ఆకారం ఉంటే స్త్రీలింగం, ఒకార ఎకారాలు ఉంటే నపుంసకం అనే సూత్రం మొదటి ఏడాదికి సరిపోతుంది.

ప్రశ్న: ‘మెనె’, ‘మె’, ‘మెని’, ‘మి’: ఒకే అర్థానికి రెండేసి రూపాలు ఎందుకు?

ఒకటి నిండు రూపం, మరొకటి పొట్టి రూపం. ‘నన్ను’ అనడానికి ‘మెనె’ నిండు రూపం, ‘మె’ పొట్టి రూపం. ‘నాకు’ అనడానికి ‘మెని’, ‘మి’. ‘నిన్ను’కు ‘తెబె’, ‘తె’. ‘నీకు’కు ‘తెబి’, ‘తి’. ‘అతణ్ణి’కి ‘న్యెగా’, ‘గా’. ‘అతనికి’కి ‘న్యెము’, ‘ము’. ‘ఆమెను’కు ‘న్యు’ నిండు రూపం, ‘యె’ లేక ‘యు’ పొట్టి రూపం. ‘ఆమెకు’కు ‘న్యొయ్’, ‘యొయ్’. బహువచనంలో ‘మాకు’ అనడానికి ‘నామా’, ‘నామ్’. ‘మీకు’ అనడానికి ‘వామా’, ‘వామ్’. ‘వారికి’ అనడానికి ‘న్యిమా’, ‘ఇమ్’.

మామూలు మాటల్లో పొట్టి రూపమే వస్తుంది. నిండు రూపం రెండు సందర్భాల్లో తప్పనిసరి. ఒకటి, నొక్కి చెప్పేటప్పుడు: ‘నన్నే చూశాడు, నిన్ను కాదు’ వంటి మాటల్లో. రెండు, ప్రిపొజిషన్ తరువాత: ‘జా మెనె’ (నా కోసం), ‘బెజ్ తెబె’ (నువ్వు లేకుండా), ‘ఒ న్యొయ్’ (ఆమె గురించి), ‘స్ న్యిమ్’ (అతనితో). ప్రిపొజిషన్, సర్వనామం కలిసే చోట గుర్తుంచుకోవలసిన సూత్రం ఇదొక్కటే. పాత కవిత్వంలో ‘జా మె’ వంటి రూపాలు కనిపిస్తాయి, అవి చదివి ఆనందించడానికే గాని వాడటానికి కాదు.

ప్రశ్న: పొట్టి రూపం వాక్యంలో ఎక్కడ ఉండాలి?

రెండవ స్థానంలో. దానికి సొంత ఊనిక లేదు గనుక వాక్యాన్ని మొదలుపెట్టలేదు. ‘గా విదిమ్’ అనేది తప్పు, ‘విదిమ్ గా’ ఒప్పు. ముందు మరో మాట వస్తే దాని వెనక్కు చేరుతుంది: ‘దానాస్ గా విదిమ్’, అంటే ఈ రోజు అతణ్ణి చూస్తున్నాను. రెండవ స్థానం అంటే రెండవ పదమని కాదు, మొదటి పదబంధం తరువాత అని: ‘ఉ జాగ్రెబు గా విదిమ్’. ‘ఇ’ (మరియు), ‘ఆ’ (కాగా) అనే మాటల వెంటనే మాత్రం అది నిలవదు.

పొట్టి మాటలు రెండు మూడు ఒకచోట పడితే వాటికి ఒక వరుస ఉంది. ముందు ‘సామ్’, ‘సి’, ‘చు’ వంటి సహాయక క్రియలు, తరువాత దాతివ్ సర్వనామం, ఆ తరువాత అకుజాతివ్ సర్వనామం, ఆపైన ‘సె’ (‘తనను తాను’ అనే అర్థం గల పొట్టి మాట). ‘యె’ అనే సహాయక క్రియ మాత్రం అందరికన్నా చివర నిలబడుతుంది. ఒక స్త్రీ పుస్తకం గురించి ‘దాన్ని నీకు ఇచ్చాను’ అనాలంటే ‘దాలా సామ్ తి యె’ అంటుంది. ‘ఆమె దాన్ని నీకు ఇచ్చింది’ అనాలంటే ‘దాలా తి యు యె’. రెండవ వాక్యంలో ‘దాన్ని’ అనే ‘యె’ పక్కన సహాయక క్రియ ‘యె’ కూడా రావలసి ఉంది. రెండు ‘యె’ లు పక్కపక్కన పడకుండా సర్వనామం ‘యు’ గా మారింది. ఈ రెండు వాక్యాలనూ పుస్తకం, ఉత్తరం, టికెట్టు అని వస్తువులు మార్చి పైకి చదువుతూ ఉంటే వరుస నాలుకకు అలవాటవుతుంది. సూత్రాన్ని తలచుకుంటూ మాట్లాడటం సాధ్యం కాదు.

ప్రశ్న: ‘నాకు చలిగా ఉంది’, ‘నాకు నచ్చింది’ వంటి వాక్యాలను మాటకు మాట చెప్పవచ్చా?

చాలా చోట్ల చెప్పవచ్చు, ఇది తెలుగువారికి దక్కిన లాభం. ‘హ్లాద్నొ మి యె’ అంటే నాకు చలిగా ఉంది. ‘స్విజా మి సె జాగ్రెబ్’ అంటే నాకు జాగ్రెబ్ నచ్చింది (ఇక్కడి జకారం మన ‘జీతం’లోనిది). ‘త్రెబా మి కార్తా’ అంటే నాకు టికెట్టు కావాలి. ‘దొసాద్నొ మి యె’ అంటే నాకు విసుగ్గా ఉంది. ‘స్పావా మి సె’ అంటే నాకు నిద్ర వస్తోంది. ‘పియె మి సె కావా’ అంటే నాకు కాఫీ తాగాలనిపిస్తోంది. ఇంగ్లీషు నుంచి నేర్చుకునేవారు ఈ వాక్యాల్లో ‘నేను’ ఎక్కడికి పోయిందని వెతుక్కుంటారు. మనకు ఆ వెతుకులాట లేదు.

అయితే మన ‘నాకు’ ప్రతిచోటా ‘మి’ కాదు. తలనొప్పి, భయం, సిగ్గు అనేవాటికి దాతివ్ బదులు అకుజాతివ్ వస్తుంది: ‘బొలి మె గ్లావా’ (నాకు తలనొప్పిగా ఉంది), ‘స్త్రాహ్ మె యె’ (నాకు భయంగా ఉంది), ‘స్రామ్ మె యె’ (నాకు సిగ్గుగా ఉంది). ఆకలి, దప్పికలు కర్తకు విశేషణాలవుతాయి: పురుషుడు ‘గ్లాదాన్ సామ్’ అంటాడు, స్త్రీ ‘గ్లాద్నా సామ్’ అంటుంది. ‘నాకు ఇద్దరు అక్కలు’ అనేచోట ‘ఇమామ్’ (కలిగి ఉన్నాను) అనీ, ‘నాకు క్రొయేషియన్ వచ్చు’ అనేచోట ‘జ్నామ్’ (తెలుసు) అనీ నేరుగా క్రియ వాడాలి.

ప్రశ్న: ‘స్వొయ్’ అనేది మన ‘తన’ లాంటిదేనా?

ప్రథమ పురుషలో అచ్చంగా అంతే. ‘ఆనా చితా స్వొయు క్న్యిగు’ అంటే ఆనా తన పుస్తకం చదువుతోంది. ‘ఆనా చితా న్యెజిను క్న్యిగు’ అంటే ఆనా మరొక ఆమె పుస్తకం చదువుతోంది. తన, ఆమె అనే భేదం తెలిసినవారికి దీనిని విడమరచి చెప్పవలసిన పనిలేదు. కొత్తగా అలవాటు చేసుకోవలసిందల్లా దానిని నాకూ నీకూ కూడా వాడటమే. ‘వొలిమ్ స్వొయ్ పొసావొ’ అంటే నా పనంటే నాకు ఇష్టం. కర్త ఎవరైతే వస్తువు వారిదే అయినప్పుడు ఏ పురుషలోనైనా ప్రామాణిక భాష ‘స్వొయ్’ నే కోరుతుంది.

మిగిలిన చోట్ల ‘మొయ్’ (నా), ‘త్వొయ్’ (నీ), ‘న్యెగొవ్’ (అతని), ‘న్యెజిన్’ (ఆమె), ‘నాష్’ (మా, మన), ‘వాష్’ (మీ), ‘న్యిహొవ్’ (వారి) వాడతారు. ఇవి కలిగి ఉన్న వస్తువు లింగాన్ని బట్టి మారతాయి: ‘మొయ్ బ్రాత్’, ‘మొయా సెస్త్రా’, ‘మొయె దియెతె’. మన అలవాటు కొద్దీ ‘మా అమ్మ’ అనడానికి ‘నాషా మామా’ అనకండి, ‘మొయా మామా’ అనండి.

ప్రశ్న: కాలాన్ని, కారణాన్ని చెప్పే ప్రిపొజిషన్లు ఏవి?

వారాలకు ‘ఉ’ తో అకుజాతివ్ (‘ఉ పొనెద్యెల్యాక్’, సోమవారం నాడు), నెలలకు ‘ఉ’ తో లొకాతివ్ (‘ఉ సియెచ్న్యు’, జనవరిలో). ‘ప్రియె ద్వా దానా’ అంటే రెండు రోజుల క్రితం, ‘జా ద్వా దానా’ అంటే ఇప్పటి నుంచి రెండు రోజుల తరువాత. కారణానికి ‘జ్బొగ్ కిషె’ (వాన వల్ల), ఉద్దేశానికి ‘రాది పొస్లా’ (పని కోసం) అనాలి. ఈ చివరి రెండింటినీ అక్కడివారే కలగలిపి వాడుతుంటారు, కాబట్టి వినేటప్పుడు సందర్భం చూసుకోవాలి.

ప్రశ్న: ఎవరు, ఏమిటి, ఎవరూ లేరు అనడానికి ఏ సర్వనామాలున్నాయి?

‘త్కొ’ అంటే ఎవరు, ‘ష్తొ’ అంటే ఏమిటి, ‘నిత్కొ’ అంటే ఎవరూ, ‘నిష్తా’ అంటే ఏమీ. చివరి రెండింటితో క్రియ కూడా వ్యతిరేకంలోనే ఉండాలి, మన ‘ఎవరూ రాలేదు’ లాగే. ప్రిపొజిషన్ వస్తే ఇవి రెండు ముక్కలై దానికి నడుమ చోటిస్తాయి: ‘ఎవరితోనూ’ అంటే ‘ని స్ కిమ్’, ‘దేని గురించీ’ అంటే ‘ని ఒ చెము’. ‘స్ నికిమ్’ అని మాటల్లో వినిపించినా రాతలో విడదీసిన రూపాన్నే వాడాలి.

‘ఏమిటి’ అనే ఈ చిన్న సర్వనామం మీదే క్రొయేషియన్ మాండలికాలకు పేర్లు వచ్చాయి. ‘ష్తొ’ అనేవారిది ష్తొకావియన్, ప్రామాణిక భాష దాని మీదే నిలిచింది. జాగ్రెబ్ లోనూ దాని ఉత్తరాన ఉన్న ప్రాంతాల్లోనూ ‘కాయ్’ అంటారు, అది కాయ్కావియన్. ఇస్త్రియాలోనూ అనేక దీవుల్లోనూ ‘చా’ అంటారు, అది చాకావియన్. కాబట్టి పాఠంలో ‘ష్తొ’ అని నేర్చుకున్నవారిని జాగ్రెబ్ అంగడిలో కూరగాయలమ్మే ఆమె ‘కాయ్?’ అని అడిగితే, ఆమె ఏం కావాలనే అడుగుతోంది.